బొట్టు గేదెకు భద్ర వేలం

జిల్లా కేంద్రంలో ఒక పెద్ద అధికారి గారి బావమరిది ఆన్‌లైన్ వేలంలో ఫోను పాడుకున్నాడు. పెట్టె విప్పితే అందులో సబ్బుబిళ్ళ ఉంది. సబ్బు మంచిదేననీ, వాసన కూడా బాగుందనీ, ఇంటిల్లిపాదీ దాన్ని అరగదీశారనీ తర్వాత తెలిసింది. కానీ అప్పటికే పెద్ద అధికారి గారికి కోపం వచ్చేసింది. ఆ కోపం వారం రోజుల్లో ఒక కమిటీ అయింది, నెల తిరిగేసరికి నూట పన్నెండు పేజీల నివేదిక అయింది, మూడో నెలలో మండలానికొక ఆఫీసు అయి కూర్చుంది. ఆ ఆఫీసు పేరు భద్ర వేలం కేంద్రం. ఇక మీదట ఐదు వేలు దాటిన సరుకు ఏదైనా సరే, కుర్చీ కానీ కోడె కానీ, భద్ర వేలం సైటులోనే అమ్మాలి, అందులోనే కొనాలి.

సబ్బుబిళ్ళ వచ్చింది జిల్లా కేంద్రంలో. దాని దెబ్బ తగిలింది బొండపాలెంలో దాలమ్మకి.

దాలమ్మకి ఒక గేదె ఉంది. నుదుట రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ ఉండటం వల్ల దాన్ని అందరూ బొట్టు గేదె అంటారు. రెండు పూటలా కలిపి ఆరు లీటర్లు ఇస్తుంది. అయితే దాలమ్మకి మోకాళ్ళు పోయాయి. పీట మీద కూర్చుని పాలు తీయగలదు కానీ గట్ల వెంట తిరిగి గడ్డి కోసుకు రాలేదు. సంతకి తోలితే ఎవడు కొంటాడో, ఏ కబేళా లారీ ఎక్కిస్తాడో తెలియదు. పక్కింటి సన్యాసమ్మ అయితే తన తర్వాత అంత బాగా చూస్తుంది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం.

ఆ గోడ మీద మోచేతులు ఆన్చి ఇద్దరూ బేరం మాట్లాడుకున్నారు. చేతిలో టీ చల్లారేలోగా బేరం తెగింది. నలభై రెండు వేలు.

"మరి తువ్వాలు కింద వేళ్ళు పట్టొద్దేటి అప్పా?" అంది సన్యాసమ్మ.

"మనిద్దరం ఒప్పీసుకున్నాం కదే. ఇంకా వేళ్ళెందుకు?"

"వేళ్ళు పట్టకుండా తోలుకెల్తే పాలు ఎగేత్తాదంతారు."

అందుకని సంత దళారి గౌరునాయుణ్ణి పిలిచారు. పశువుల బేరం నోటితో చెప్పకూడదు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాళ్ళ వేళ్ళూ కొనేవాళ్ళ వేళ్ళూ పట్టి నొక్కుతాడు. నాలుగు వేళ్ళు నొక్కి విడిచి, మళ్ళీ రెండు నొక్కితే నలభై రెండు. అంకె పైకి రాదు, దిష్టి తగలదు. గౌరునాయుడు భుజం మీది తువ్వాలు తీసి దాలమ్మ చేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి పోనిచ్చాడు. నాలుగు వేళ్ళు నొక్కాడు. రెండు నొక్కబోతుండగా వాకిట్లో జీపు ఆగింది.

దిగినాయన పేరు చిదానందరావు. భద్ర వేలం కేంద్రానికి పర్యవేక్షణాధికారి. ఆయన తువ్వాలు వంక చూసి, ముందు దానికొక ఫోటో తీశాడు.

"దీని కింద ఏం జరుగుతోంది?"

"బేరం బాబూ," అన్నాడు గౌరునాయుడు.

"ఎంతకి?"

"అది సెప్పకూడదు కదండీ. అందుకే కదండీ తువ్వాలు."

చిదానందరావు ఫైలు తెరిచాడు. "పారదర్శకత లేని వస్త్రం మాటున, నమోదు కాని ధరకు, ధ్రువీకరణ లేని వ్యక్తుల మధ్య లావాదేవీ. నివేదికలో పేజీ నలభై ఆరు. మోసానికి సంబంధించిన పదకొండు లక్షణాల్లో తొమ్మిది ఇక్కడ కనబడుతున్నాయి. అమ్మా, మీరు చాలా పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డారు."

"ఎవుల్నించి బాబూ?"

"ఆమె నుంచి," అని సన్యాసమ్మను చూపించాడు. సన్యాసమ్మకేసి తిరిగి, "మీరు ఈమె నుంచి," అన్నాడు. తువ్వాలు సాక్ష్యం కింద జప్తు చేసుకుని, రసీదు రాసి ఇచ్చి, జీపెక్కాడు.

గౌరునాయుడు బుద్ధిమంతుడు. తువ్వాలు పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు. దాలమ్మ గేదెను సైటులో ఎక్కించే పని తనే ఒప్పుకున్నాడు. వాక్యానికి ఇరవై రూపాయలు. ఆరు ఫోటోలు కావాలంటే తీశాడు. వెనక వైపు సీరియల్ నంబరు కనబడాలంటే తోక ఎత్తి తీశాడు. అప్పుడే మడుగులోంచి లేచి వచ్చిన గేదె నుదుటినిండా బురద. సైటు ఆ ఫోటోలను తనే చూసుకుని, తనే వివరణ రాసుకుంది: రంగు నలుపు, గుర్తులు లేవు.

"బొట్టుందని రాయి నాయుడూ," అంది దాలమ్మ.

"రాయనివ్వట్లేదు పిన్నీ. వివరణ ఒకసారి ఎక్కినాక మారిస్తే మోసంగా బావిస్తారంట."

అంతలో ఇంకో అడ్డం వచ్చింది. అమ్మకందారుకి పది మంచి రేటింగులు ఉంటేనే పశువుల్ని అమ్మనిస్తారు. ఏమీ అమ్మకుండా రేటింగు రాదు. రేటింగు లేకుండా ఏమీ అమ్మకూడదు. దాలమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ మండలం దాకా పోయి చిదానందరావుని అడిగింది.

"మంచి ప్రశ్న," అన్నాడాయన. "నమ్మకమనేది కింది స్థాయి నుంచి నిర్మించుకు రావలసిన భవనం. కూరగాయలతో మొదలుపెట్టండి. కూరగాయలకు మినహాయింపు ఉంది."

దాలమ్మ పాదు మీద ఒక బూడిద గుమ్మడికాయ ఉంది. దాన్ని సైటులో రూపాయికి సన్యాసమ్మకి అమ్మింది. సన్యాసమ్మ కూడా కొనుగోలుదారుగా రేటింగు తెచ్చుకోవాలి కనుక దాన్ని రూపాయికి మళ్ళీ దాలమ్మకి అమ్మింది. కాయ గోడ దాటి ఇటు వచ్చింది, అటు వెళ్ళింది. ఈ సంగతి తెలిసి, కోడెల్ని అమ్ముకోవలసిన వాళ్ళూ, కుట్టుమిషన్లు అమ్ముకోవలసిన వాళ్ళూ కాయ కోసం వరస కట్టారు. కాయను ఎవరూ కోయలేదు. నలభై నాలుగు చేతులు మారింది. కాయ బాగుంది అని ఒకరు రాశారు, చెప్పిన కాయే వచ్చింది అని ఒకరు రాశారు, కాయ పంపిన వారు మర్యాదస్తులు అని ఇంకొకరు రాశారు. నలభై అయిదో చేతికి వెళ్ళేసరికి తొడిమ దగ్గర మెత్తబడింది. ఆ మనిషి మాత్రం ఒక్క నక్షత్రమే ఇచ్చాడు.

బొండపాలెం నుంచి నెలలో గుమ్మడికాయల వ్యాపారం నాలుగు వేల నాలుగు వందల శాతం పెరిగిందని జిల్లా పత్రికలో పడింది. చిదానందరావుకి శాలువా కప్పారు. శాలువా కప్పిన మర్నాడు ఒక గుమాస్తా లెక్కలు చూసి, కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ ఒక్క వీధివాళ్ళేనని కనిపెట్టాడు. దాంతో కొత్త సర్క్యులర్ వచ్చింది.

దాన్ని చిదానందరావు పంచాయతీ అరుగు మీద నిలబడి స్వయంగా చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పరిచయమున్న వ్యక్తుల మధ్య జరిగే అమ్మకం కుమ్మక్కుగా పరిగణించబడును. ఇకపై అమ్మేవారికీ కొనేవారికీ పేర్లు ఉండవు, నంబర్లు మాత్రమే ఉండును. ఎవరి నంబరు ఏదో పరస్పరం తెలియరాదు. కేంద్రం సిబ్బందికి సైతం తెలియరాదు."

"మీకూ తెల్దా బాబూ?" అని అడిగింది దాలమ్మ.

"నాకు తెలియదు. తెలుసుకునే అధికారం కూడా నాకు లేదు," అన్నాడు చిదానందరావు గర్వంగా.

ఆ రోజు నుంచి దాలమ్మ నాలుగు వందల పదిహేడు. సన్యాసమ్మ అరవై మూడు. గేదె సంగతులు ఏమడగాలన్నా సైటు ద్వారానే అడగాలి. సన్యాసమ్మ గోడకి చేరబడి బెండకాయలు తరుగుతూ, "నాయుడుబావూ, గేద తన్నుతాదా అని అడుగు," అనేది. గౌరునాయుడు ఫోనులో టైపు కొట్టేవాడు. గోడకి ఇటు దాలమ్మ, "కొత్తోల్లని తన్నుతాదని సెప్పు," అనేది. గౌరునాయుడు ఇటు వచ్చి కొట్టేవాడు. జవాబు జిల్లా కేంద్రం దాకా పోయి, పరిశీలన ముగించుకుని రెండో రోజున గోడకి అవతల దిగేది. దాలమ్మ సన్యాసమ్మతో నేరుగా మాట్లాడటం మానేసింది. మాట్లాడితే కుమ్మక్కు.

వేలం ఏడు రోజులు. అరవై మూడు నంబరు నలభై రెండు వేలు పెట్టింది. అంతటితో అయిపోవలసింది. రెండో రోజు తొమ్మిదో నంబరు అనేవాడెవడో దిగి నలభై మూడన్నాడు. సన్యాసమ్మ నలభై నాలుగంది. తొమ్మిదోవాడు నలభై అయిదన్నాడు. దాలమ్మకి అన్నం సహించలేదు.

"రేటు పెరిగితే మంచిదే కదా పిన్నీ," అన్నాడు గౌరునాయుడు.

"పెరగొద్దని మొక్కుకుంతున్నాను. ఆడు లారీవోడు. నా గేదని లారీ ఎక్కించేత్తాడు. నువ్వు పోయి ఆడెవడో కనుక్కో."

గౌరునాయుడు కనుక్కున్నాడు. తొమ్మిదో నంబరు మనిషి కాదు. వేలాలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటానికి జిల్లా ఆఫీసు పెట్టిన యంత్రం. ఎవరు ఎంత పెట్టినా వెయ్యి ఎక్కువ పెట్టడం దాని పని. ఆపేవాడు సెలవులో ఉన్నాడు. అదృష్టవశాత్తూ ఆఖరి రోజు మధ్యాహ్నం జిల్లా కేంద్రంలో కరెంటు పోయింది. ఆ అరగంటలో సన్యాసమ్మ నలభై ఎనిమిది వేలు పెట్టి గేదెను గెలిచింది.

గెలిచింది కానీ తోలుకెళ్ళలేదు. భద్ర వేలానికి గుండెకాయ లాంటి నిబంధన ఒకటుంది. ముందు డబ్బు ఇస్తే కొన్నవాడు మోసపోవచ్చు, ముందు సరుకు ఇస్తే అమ్మినవాడు మోసపోవచ్చు. ఎవరు ముందు ఇవ్వాలి అనే ప్రశ్న మీద నివేదికలో పదకొండు పేజీలు చిదానందరావే రాశాడు. అందుకని డబ్బు కేంద్రం ఖాతాలో ఉండాలి, సరుకు కేంద్రం ఆవరణలో ఉండాలి, పద్నాలుగు రోజులు ఇద్దరూ చల్లగా ఆలోచించుకోవాలి. ఆఫీసుకి ఆవరణ లేదు. గౌరునాయుడు మెడలో నంబరు చీటీ కట్టి తోలుకొచ్చిన గేదెను మీటింగు హాల్లో కిటికీ ఊచకి కట్టేశారు.

మొదటి పూట పాలు తీయడానికి ఒక అటెండరు వెళ్ళాడు. గేదె అతన్ని ప్రొజెక్టరు దాకా తన్నింది. రెండో పూట ఇంకొకతను వెళ్ళాడు. రెండు పూటలు పాలు తీయకపోయేసరికి పొదుగు బిగిసి, గేదె అరుపు మొదలుపెట్టింది. బొండపాలెం రెండు కిలోమీటర్లు. దాలమ్మకి వినబడలేదు కానీ వినబడినట్టే ఉంది. మర్నాడు పొద్దున్నే తాడూ చెంబూ పట్టుకుని ఆటోలో వెళ్ళింది.

"పాలు తీసే మనిసి కావాలని ఇన్నాను బాబూ."

చిదానందరావుకి ప్రాణం లేచొచ్చింది. అయినా నియమం నియమమే. ఒక ఫారం తీశాడు. "తటస్థ పాలు పితికే వ్యక్తి ఉద్యోగానికి సంబంధించి నాలుగు ప్రశ్నలు. సదరు గేదెతో మీకు పూర్వ పరిచయం ఉందా?"

"గేదలన్నీ ఒక్కలాగే ఉంతాయి బాబూ."

"దాని యజమాని మీకు తెలుసా?"

"మీకు తెల్దు కదా. నాకెలగ తెలుత్తాది?"

లోపలి నుంచి గేదె దాలమ్మ గొంతు విని, అరుపు ఆపి, ఇంకో రకంగా పిలిచింది. చిదానందరావు గేదె వైపు చూశాడు, దాలమ్మ వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. "నేనేమీ వినలేదు," అని సంతకం పెట్టాడు. పూటకి అరవై రూపాయలు.

దాలమ్మ తన గేదె పాలు తనే తీసి జీతం పుచ్చుకుంది. పాలు ఎవరివి అన్నది తేలలేదు. అమ్మినవాళ్ళవి కావు, కొన్నవాళ్ళవి ఇంకా కాలేదు. పాలను కూడా భద్ర వేలంలో పెట్టారు. పద్నాలుగు రోజుల ఆలోచన గడువు పాలకి కూడా వర్తిస్తుంది కనుక పాలు అమ్ముడుపోలేదు. నాణ్యత పరీక్ష నిమిత్తం చిదానందరావు పూటకి లీటరు ఇంటికి పట్టుకెళ్ళేవాడు. మిగతాది సిబ్బంది పరీక్షించేవారు. వారం తిరిగేసరికి ఆయన బుగ్గలు నిండాయి. ఆఫీసులో అందరూ మధ్యాహ్నం గడ్డ పెరుగు తిని నిద్రపోయేవాళ్ళు.

పద్నాలుగో రోజున అరవై మూడో నంబరు సరుకు చూసుకోవడానికి రావాలి. ఎవరో తెలియకూడదు కనుక ముసుగు వేసుకు రమ్మన్నారు. సన్యాసమ్మ చీర కొంగు ముఖం నిండా కప్పుకుని, గుమ్మానికి గుద్దుకుని లోపలికి వచ్చింది. పీట మీద కూర్చున్న దాలమ్మ, "గుమ్మం సూసుకోవే," అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"మీరెవరో నాకు తెలియదు," అన్నాడు చిదానందరావు ముసుగుతో. "సరుకును వివరణతో పోల్చిచూస్తాను. జాతి, గేదె. సరే. రంగు, నలుపు. సరే. గుర్తులు..." ఆయన కాగితం చూశాడు. గేదెను చూశాడు. హాల్లో మడుగు లేదు, బురద లేదు. నుదుట బొట్టు తళతళలాడుతోంది. "గుర్తులు లేవని ఉంది. గుర్తు ఉంది."

"నాకు బొట్టున్నదే కావాలి బాబూ," అంది ముసుగు.

"కొనుగోలుదారు తృప్తి ఈ కేంద్రానికి ప్రమాణం కాదు. వివరణే ప్రమాణం. మీరు ఫోను అడిగితే సబ్బు ఇచ్చినట్టు, బొట్టు లేని గేదెను అడిగితే బొట్టు గేదెను ఇవ్వజూపారు. ఇంత పెద్ద మోసం నుంచి మిమ్మల్ని కాపాడినందుకు నాకు సంతోషంగా ఉంది."

సన్యాసమ్మ డబ్బు ఆ సాయంత్రానికల్లా ఆమె ఖాతాలోకి వచ్చేసింది. ఆఫీసు మొత్తం మీద త్వరగా జరిగిన పని అదొక్కటే. ఎందుకు జరిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

గేదెను అమ్మకందారుకి తిరిగి ఇచ్చేయాలి. నాలుగు వందల పదిహేడు నంబరు వారు ఆధార్ కార్డుతో హాజరు కావాలని సైటులో నోటీసు పెట్టారు. గౌరునాయుడు అది చదివి దాలమ్మకి చెప్పాడు.

"ఎల్తాను," అంది దాలమ్మ.

"ఎలగెల్తావు పిన్నీ? అమ్మినోల్లు కేంద్రంలో ఉన్న సరుకుని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కేసు. నువ్వు రోజుకి రెండు పూటలా ముట్టుకున్నావు. జీతం సంతకాలు కూడా ఉన్నాయి."

దాలమ్మ గోడకి ఆనుకుంది. తన గేదె తనది అని చెప్పుకుంటే తను దొంగ. చెప్పకపోతే గేదె దిక్కులేనిది.

వారం గడిచినా నాలుగు వందల పదిహేడు రాలేదు. చిదానందరావు పైకి రాశాడు. పైనుంచి జవాబు వచ్చింది: యజమాని తేలని పశువును పంచాయతీ వారి బందెలదొడ్డికి అప్పగించవలసినది. ఊళ్ళో పొలాల్లో పడి మేసే పశువుల్ని కట్టేసి, ఎవరూ విడిపించుకోకపోతే బహిరంగంగా పాడేసే దొడ్డి అది. దాని చట్టం తాతల నాటిది. సర్కారు పాట కనుక దానికి భద్ర వేలం వర్తించదు. దాన్ని రద్దు చేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

బిల్లు కలెక్టరు ముకుందం టముకు వేయించాడు. బుధవారం పదింటికి పాట.

సన్యాసమ్మ డబ్బు తీసి నడుము సంచిలో పెట్టుకుని తొమ్మిదింటికే దొడ్డి గేటు దగ్గర నిలబడింది. దాలమ్మ ఆవిడకి ఎడంగా, ఒక రాయి మీద కూర్చుంది. లారీ ఏదీ కనబడలేదు. ఊపిరి పీల్చుకుంటూ ఉండగా జీపు వచ్చింది. చిదానందరావు దిగాడు. ఆఫీసు ఫైలు లేదు, శాలువా లేదు. చేతిలో కొత్త పలుపు ఉంది.

"పరిశీలనకి వచ్చారా సార్?" అన్నాడు ముకుందం.

"పాటకి వచ్చాను. వ్యక్తిగత హోదాలో," అన్నాడు ఆయన. "మూడు వారాలుగా పాల నాణ్యత పరిశీలించాను. సంతృప్తికరంగా ఉంది."

దాలమ్మ రాయి మీంచి లేచి నిలబడింది. గేదె ఆఫీసు వాళ్ళ ఇంటికి పోతే మేడ మీదో, కారు షెడ్డులోనో కట్టేస్తారు. మడుగు ఉండదు, గట్టు ఉండదు.

"సర్కారు పాట ఐదు వేలు," అన్నాడు ముకుందం.

"ఆరు," అంది సన్యాసమ్మ.

"ఏడు," అన్నాడు చిదానందరావు.

"ఎనిమిది."

"పది."

సన్యాసమ్మ దాలమ్మ వైపు చూసింది. పరిచయం లేనట్టు చూడటం ఇద్దరికీ నెల రోజులుగా అలవాటైపోయింది. అయినా దాలమ్మ కళ్ళు చూసి, "పదకొండు," అంది.

"పదిహేను," అన్నాడు చిదానందరావు.

"పదిహేను వేలు, సార్ పాట. ఒకటోసారి. సార్, డబ్బు ఇలా పెట్టండి. దొడ్డి పాటలో పాడినప్పుడే సొమ్ము గల్లాపెట్టె మీద పెట్టాలి. లేకపోతే పాట చెల్లదు."

చిదానందరావు ఫోను తీశాడు. "స్కాన్ ఎక్కడ?"

"స్కాన్ లేదండి. రసీదు పుస్తకమే."

"ఎవరండీ ఈ రోజుల్లో ఒంటి మీద నోట్లు పెట్టుకు తిరిగేది? నగదు దగ్గర ఉంచుకోవడం అత్యంత ప్రమాదకరం. నివేదికలో పేజీ డెబ్బై ఒకటి."

"అవునండి. కానీ నాకు నోట్లు కావాలండి."

"డ్రైవరును ఏటీఎంకి పంపిస్తాను."

"పంపించండి. రహస్య నంబరు అతనికి చెప్పాల్సొస్తుంది మరి."

చిదానందరావు కార్డు తీసి, డ్రైవరు చేతిలో పెట్టబోయి ఆగాడు. రహస్య నంబరు ఎవరికీ చెప్పకూడదు. అది నివేదికలో మొదటి పేజీ. ఆయన కార్డు వంక చూశాడు, డ్రైవరు వంక చూశాడు. పదకొండేళ్ళుగా తనను ఇంటి నుంచి ఆఫీసుకీ ఆఫీసు నుంచి ఇంటికీ తిప్పుతున్న మనిషి. కార్డు జేబులో పెట్టేసుకున్నాడు. "నేనే వెళ్ళొస్తాను. పాట ఆపండి," అన్నాడు.

"ఆపే అధికారం నాకు లేదండి," అన్నాడు ముకుందం.

సన్యాసమ్మ నడుము సంచి విప్పి పదకొండు వేలు గల్లాపెట్టె మీద పెట్టింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. టముకువాడు ఒక్క దెబ్బ వేశాడు.

గేదెను తోలుకొస్తూ దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. వీధి మలుపు తిరిగాక సన్యాసమ్మ సంచిలో మిగిలిన నోట్లన్నీ తీసి, "ఇయి నీవి అప్పా. నలభై రెండుకి ఎంత తక్కువో సూసుకో," అంది.

"ఎంతుంటే అంతే. ముందు గేదని మడుగులో దింపే. మూడు వారాలై ఒల్లు ఎండిపోనాది," అని దాలమ్మ ఆ డబ్బును కొంగున ముడేసుకుంది.

బందెలదొడ్డి పాట సైటు లెక్కలోకి రాదు కనుక భద్ర వేలం కేంద్రం ఆ ఏడాది నివేదికలో ఇలా రాసుకుంది: వేలానికి వచ్చిన పశువులు ఒకటి, అందులో జరిగిన మోసాలు సున్న, జరిగిన అమ్మకాలు సున్న. రాష్ట్రంలో ఇంత భద్రమైన మండలం ఇంకొకటి లేదని ఇంకో శాలువా వచ్చింది.

మర్నాడు పొద్దున సన్యాసమ్మ పెరట్లో దాలమ్మ పీట మీద కూర్చుని పాలు తీస్తోంది. కొత్త చోటు కదా, నాలుగు రోజులు గేదె దగ్గర ఉండమని సన్యాసమ్మే పిలిచింది. తడిక అవతల ఎవరో దగ్గారు. చిదానందరావు. జీపు లేదు. చేత్తో చిన్న క్యాను పట్టుకుని నడిచి వచ్చాడు. వీధికి ఇటూ అటూ చూసుకుని లోపలికి వచ్చాడు.

"ఒక లీటరు కావాలి," అన్నాడు మెల్లగా. "ఇంట్లో అలవాటైపోయింది."

"ఇత్తాం బాబూ. అరవై రూపాయలు," అంది సన్యాసమ్మ. "ముందు డబ్బులిత్తారా, ముందు పాలు పొయ్యమంతారా?"

చిదానందరావు నోట్లు తీసి చేత్తో పట్టుకున్నాడు కానీ ఇవ్వలేదు. నీళ్ళు కలిపారేమో. కొలత తక్కువేమో. డబ్బు పుచ్చుకుని లేదంటారేమో. పాలు పోశాక తను పారిపోతాననుకుంటారేమో. దాలమ్మ పాలు తీయడం ఆపి ఆయన ముఖంలోకే చూస్తోంది. సన్యాసమ్మ సోలతో పాలు ముంచి పట్టుకుని ఉంది. నురగ కారి మట్టిలో పడుతోంది.

చాలాసేపటికి ఆయన ఒక చేత్తో క్యానూ, ఇంకో చేత్తో నోట్లూ ఒక్కసారే ముందుకు చాచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.